తోకలో కూర్చునే మనిషి

ఆ రోజు ఇంట్లో నాన్న, బాబాయి, నానమ్మ, అమ్మ, నేను ఉన్నాం. పెరటి షెడ్డులో పాత యుద్ధవిమానం తోక ఉంది. దాన్ని కూడా ఇంటి మనుషుల్లోనే లెక్కవేస్తుంది నానమ్మ, "కూర్చోబెట్టి మేపుతున్నాం కదే" అని. మ్యూజియం వాళ్ళు ముక్కలుగా పంపిన ఆ విమానాన్ని నాన్న, బాబాయి ఏళ్ళ తరబడి బాగుచేస్తున్నారు. మిగతా భాగాలన్నీ వెళ్ళిపోయాయి. మర్నాడు తోక కూడా లారీ ఎక్కాలి. రేకులు బిగించే రివెట్లు ఒక్క వరస మిగిలాయి.

రివెట్టు కొట్టడానికి ఇద్దరు కావాలి. బయట నుంచి నాన్న రివెట్టు గన్నుతో కొడతాడు. లోపల ఒకరు ఇనుప దిమ్మను రివెట్టు కొసకు ఆనించి పట్టుకోవాలి. అప్పుడే ఆ కొస నలిగి రేకును బిగించి పట్టుకుంటుంది. తోకలో మగవాళ్ళు పట్టరు. నేను పుట్టకముందు నుంచి ఆ పని అమ్మే చేసింది. అమ్మ మోకాళ్ళు మొరాయించాక నేను చేస్తున్నాను. గన్ను మోతలో మాటలు వినపడవు కాబట్టి లోపలి మనిషి దిమ్మతో రేకు మీద కొట్టి చెప్పాలి. ఒక దెబ్బ కొడితే బాగుందని. రెండు కొడితే ఇంకా కొట్టమని. మూడు కొడితే పాడైంది, తీసెయ్యమని.

నాకు నలుగురిలో నోరు పెగలదు. బడిలో హాజరు పిలిచినప్పుడు పలకడానికే గొంతు రాదు. ఇంట్లో నన్నెవరూ ఏమీ అడగరు. కాని తోకలో కూర్చుని మూడు దెబ్బలు కొడితే నాన్న మారు మాట్లాడకుండా డ్రిల్లు తీసుకుని ఆ రివెట్టు ఊడబీకుతాడు. నాన్న నా మాట వినే చోటు అదొక్కటే. అందుకే రేకు అంచులు మోచేతులు కోసినా, ఎండకు లోపల ఉడికిపోయినా, రానని ఎప్పుడూ అనలేదు.

అమ్మకు చెవులు సరిగా వినపడవు. ఎలా పోయాయని నేనెప్పుడూ అడగలేదు. మా ఇంట్లో అదొక వేళాకోళం. "మీ అమ్మ అదృష్టవంతురాలు, నా తిట్లు ఒక్కటీ చేరవు" అని నాన్న నవ్వుతాడు. పిలిస్తే పలకకపోతే "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే" అంటుంది నానమ్మ. అమ్మ పెదాలు చూసి మాట పోల్చుకుంటుంది కాబట్టి ఆ మాటలన్నీ ఆమెకు తెలుసు. గిన్నెలు తోముతూ తల దించుకుంటే మాత్రం ఏదీ అందదు. ఒక్కోసారి కావాలనే దించుకుంటుందేమో అనిపించేది.

సగం వరస అయ్యాక, చేతిలో దిమ్మతోనే మంచినీళ్ళకని బయటికొచ్చి పెరటి మెట్టు మీద కూర్చున్నాను. ఉన్నట్టుండి అమ్మ నా ముందుకొచ్చి గడ్డం పట్టుకుంది.

"పిలుస్తుంటే పలకవేం?"

"పిలిచావా?"

అమ్మ నానమ్మ వైపు తిరిగింది. "ఎన్నిసార్లు పిలిచాను అత్తయ్యా?"

"గొంతు చించుకున్నావు. అదీ నీ పోలికే."

"చెవుల్లో కీచురాళ్ళు కూస్తున్నట్టు ఉంటోందమ్మా, కొన్నాళ్ళుగా" అన్నాను. అమ్మ నా పెదాల మీద నుంచి చూపు తీయలేదు.

"నాకూ అలాగే మొదలైంది" అంది.

చెయ్యి తుడుచుకుని షెడ్డులోకి నడిచింది. నేను వెనకే వెళ్ళాను. నాన్న, బాబాయి టీ తాగుతున్నారు. మోత వినపడకుండా చెవులకు పెట్టుకునే మందపాటి డిప్పలు ఇద్దరి మెడల్లోనూ వేలాడుతున్నాయి.

"ఇది ఇక లోపలికి వెళ్ళదు. చెవులు పోతున్నాయి దీనికి" అంది అమ్మ.

"దూది పెట్టుకుందిగా" అన్నాడు నాన్న.

"దూది మీరు పెట్టుకోండి. ఆ డిప్పలు దానికివ్వండి."

బాబాయి నవ్వాడు. "అవి పెట్టుకుంటే లోపల తల పట్టదు వదినా."

"ఎప్పుడు పెట్టి చూశారు?"

బాబాయి గ్లాసులోకి చూసుకున్నాడు. నాన్న విసుగ్గా లేచాడు. "రేపు లారీ వస్తుంటే ఇప్పుడా పేచీ? సగం వరసేగా! అయినా అది కష్టపడి చేసేదేముంది, కూర్చుని పట్టుకోవడమే కదా. కొట్టేది నేను."

"నేను వెళ్తానమ్మా" అన్నాను. నిజంగానే వెళ్ళాలనిపించింది. ఆ తోక వెళ్ళిపోతే నాన్న మళ్ళీ నా మాట ఎక్కడ వింటాడు?

నాన్న మొహం విప్పారింది. "చూశావా? దానికి లేని బాధ నీకెందుకు?"

ఆ మాటకు నాకు సంతోషం కలిగింది. కలిగినందుకు వెంటనే సిగ్గు కూడా వేసింది. అమ్మ నన్నే చూస్తోంది.

"నేనూ అంతే. అడక్కముందే వెళ్తాననేదాన్ని" అంది.

నా చేతిలోంచి దిమ్మ లాక్కుని తోక లోపలికి వెళ్ళే చిన్న తలుపు దగ్గర మోకాళ్ళ మీద వంగింది. నొప్పికి పెదవి కొరుక్కుంది.

"అమ్మా, నీ చెవులు..."

"మునిగినదానికి చలేమిటే?"

ముందు భుజం, తర్వాత నడుము ఇరికించి, ఒళ్ళు ఈడ్చుకుంటూ లోపలికి జరిగింది. నాన్న డిప్పలు చెవులకెక్కించుకున్నాడు. "ఎవరైతే ఏముంది, కానివ్వండి" అన్నాడు.

నేను తలుపు దగ్గర కూలబడి లోపలికి వంగాను. "ఈ ఒక్క వరసా నేనే పట్టుకుంటానమ్మా. ఇక ఎప్పుడూ అడగను. నాకు ఇది తప్ప ఇంకేమీ చేతకాదు" అన్నాను.

ఆ ఇరుకులో అమ్మ మెడ తిప్పి నా పెదాలనే చూసింది. నేను చెప్పేది పూర్తయ్యేదాకా ఆగింది. తర్వాత చెయ్యి చాచి, లోపలి నుంచి తలుపు వేసేసుకుంది.