ముప్ఫై ఏడో ఇంటి జవాబు

పడగొట్టి ఎనిమిదేళ్ళయిన ఇల్లు సర్వే జాబితాలో ముప్ఫై ఏడో అంకె దగ్గర ఉంది. సర్వే కోసం ఇంటింటికీ తిరిగే తులశమ్మ వీధిలోకి వెళ్ళి చూస్తుంది. ఇల్లు కూడా అక్కడే ఉంది. మందుల షాపుకీ సెల్‌ఫోన్ల షాపుకీ మధ్య జానెడు సందులో, ఎవరికీ ఇరుకు కాకుండా, వసారాతో సహా ఉంది. ఉదయం పదకొండు గంటలు. గడపకు రాసిన పసుపు ఇంకా ఆరలేదు.

అది ఆమె కాపురం చేసిన ఇల్లు. జవాబు చెప్పవలసిన మనిషి మద్దిలేటి, వయసు నలభై నాలుగు, పని దర్జీ. ఆమె భర్త. ఒక హత్య కేసులో సాక్ష్యం చెప్పి వచ్చాక అతను ఎక్కడో ఒక నాటు తుపాకి సంపాదించి, చొక్కా కింద నడుముకు దోపుకుని తిరిగాడు. ఏడాది తర్వాత, కింద పడ్డ దారపు రీలు కోసం వంగినప్పుడు అది పేలి చనిపోయాడు. తుపాకి సంగతి పోలీసులు చెబితేనే తులశమ్మకు తెలిసింది. ఇది పదకొండేళ్ళ కిందటి మాట.

ఆ ఆఖరి ఏడాది మద్దిలేటి వసారాలో విడిగా పడుకునేవాడు. ఎందుకని ఆమె అడగలేదు. తన మీద మనసు విరిగిందనుకుంది. భర్త పోయిన దుఃఖం కన్నా ఆ అనుమానమే ఆమెను ఎక్కువ తిన్నది.

ఇప్పుడామె ఇంటింటికీ తిరిగి అడుగుతున్నదీ తుపాకి గురించే. జనం తుపాకులను బట్టల కింద దాచుకుని తిరగొచ్చంటూ ఒక చట్టం రాబోతోంది. దాని మీద పదిమంది అభిప్రాయం కనుక్కోవడం ఆమె కంపెనీ పని.

ఆమె సూపర్‌వైజరు ఖాజాకు ఫోన్ చేస్తుంది.

"ముప్ఫై ఏడో ఇల్లు లేదు సార్. కానీ ఉంది."

"జాబితాలో వచ్చిందంటే ఉన్నట్లే మేడమ్. మనం ఇళ్ళను ఎంచుకోకూడదు."

"ఆయన మా ఇంటాయన."

"బంధువులైతే ఇంటర్వ్యూ చెల్లదు. మిమ్మల్ని గుర్తుపట్టినాడా?"

"ఇంకా చూడలే."

"గుర్తుపట్టేదాకా చెల్లుతాది. వదిలేయొద్దు మేడమ్. ఆ వయసు, ఆ పని, ఆ వీధి, అట్లాంటి మనిషి మనకు ఆయనొక్కడే దొరికినాడు. ఆయన జవాబుకు నాలుగు వేల మంది బరువుంది, ఆయన చెప్పిందే వాళ్ళందరి జవాబని లెక్క."

మద్దిలేటి వసారాలో మిషను ముందు కూర్చుని చొక్కాకు కాజాలు కుడుతున్నాడు. తలెత్తి చూస్తాడు. ఆమెకు ఇప్పుడు యాభై రెండు. అతనికి నలభై నాలుగే.

"రాక్కా, కూర్చో," అంటాడు.

ఆ 'అక్కా' ఆమెకు ముల్లులా గుచ్చుకుంటుంది. ప్రతి ఇంట్లోనూ 'అన్నా' అని మొదలుపెట్టే మనిషి, ఇక్కడ 'సార్' అంటుంది. గుర్తింపు కార్డును మెడలో సరిచేసుకుని కాగితాలు తీస్తుంది.

"ప్రాణాపాయం ఉన్న మనిషి తనను తాను కాపాడుకోవడానికి తుపాకి వెంట ఉంచుకోవచ్చంటారా?"

"ఉంచుకోవాల గదక్కా. ఇంగెవరు కాపాడ్తారు?"

వీధిలో అలికిడవుతుంది. ఖాజా చెప్పిన నాలుగు వేల మంది వచ్చి వసారా ముందు నిలబడి ఉన్నారు. అందరూ ఒకేసారి నడుము తడుముకుంటారు. తులశమ్మ 'అవును' దగ్గర టిక్కు పెడుతుంది.

"బస్సులో మీ పక్కన కూర్చున్న మనిషి చొక్కా కింద తుపాకి ఉండొచ్చంటే మీకు సమ్మతమేనా?"

"వామ్మో, వద్దక్కా. అట్లయితే వద్దే వద్దు."

నాలుగు వేల మంది చేతులు కిందికి దించుకుంటారు. తులశమ్మ 'కాదు' దగ్గర టిక్కు పెడుతుంది. మనిషి అతనే, చట్టం అదే. ప్రశ్న ఎటు వంగితే జవాబు అటు వంగుతుందని ఆమెకు తెలుసు. ఏ ప్రశ్న ముందు అడిగితే ఊరంతా దాని వైపు మారడం ఆమె చాలాసార్లు చూసింది.

"మీకు యా జవాబు కావాలో చెప్పక్కా, అదే చెప్తా. పాపం, ఎండన పడి వచ్చినావు."

అతనెప్పుడూ ఇంతే. కోర్టు నుంచి వచ్చిన రోజు భయంగా ఉందా అని ఆమె అడిగితే, నవ్వి, ఏం భయం లేదన్నాడు. ఆమెకు ఏది కావాలో అదే చెప్పాడు.

"మీ దగ్గర ప్రస్తుతం ఆయుధం ఏదైనా ఉందా?"

"ల్యా."

చొక్కా ఎడమ వైపు ఎత్తుగా ఉంది. ఆమె 'లేదు' అని రాస్తుంది.

ప్రశ్నలు అయిపోతాయి. కాగితం మడిస్తే ఈ ఇల్లు ఉండదని ఆమెకు అర్థమవుతుంది, ఎందుకంటే అతని కాళ్ళ కింద మిషను పెడలు అప్పుడే పొగలా పలచబడుతోంది. అందుకని కాగితంలో లేనివి అడగడం మొదలుపెడుతుంది.

"పొద్దున ఏం తిన్నారు?"

"ఉగ్గాని. మా ఇంటామె చేసిపెట్టి పోయింది."

పెడలు మళ్ళీ గట్టిపడుతుంది.

"యాడికి పోయింది?"

"పనికి. వచ్చే యాళయింది." అతను వీధి చివరికి చూస్తాడు. జనం పక్కకు తప్పుకుని అతని చూపుకు దారి ఇస్తారు. "దినామూ ఇట్లనే చూస్తా కూర్చుంటానక్కా. ఆమె మూల తిరిగేటప్పుడు చీర కుచ్చిళ్ళు ముందు కనపడ్తాయి. అది చూసినంక తల వంచి పని చేస్తా ఉన్నట్లు కూర్చుంటా."

ఇది తులశమ్మకు తెలియదు. ఆమె పెన్ను జారి కింద పడుతుంది. అతను దాని కోసం వంగబోతాడు.

"వంగొద్దు!" అని అరుస్తుంది.

అతను ఆగిపోతాడు. చేతిలోని బట్ట పక్కన పెడతాడు. "రాసుకోనంటే ఒక మాట చెప్తా."

"రాసుకోను."

"ఉంది నాకాడ. ఆమెకు చెప్పలే. చెప్తే నిద్ర పోదు. ఇది ఉంటే భయం పోతాదనుకొంటి. పోలేదక్కా. నిద్రలో ఆమె చెయ్యి నా నడుము మింద పడ్తాది, అలవాటు. ఏ పొద్దు దీని మింద పడ్తాదో, ఏమయితాదో అని ఇంగో భయం పట్టుకునింది. అందుకే ఈడ పండుకుంటాండా. ఆమె ఏమనుకుంటాందో ఏమో. అడిగితే చెప్పేసేవాణ్ణి. అడగలే."

వీధిలో నాలుగు వేల మందీ తలలు వంచుకుంటారు. ఏ గడిలోనూ పట్టని జవాబు అది.

జవాబు ఇలాగే వదిలేస్తే ఇంటర్వ్యూ చెల్లుతుంది. ఆమె అక్కగానే లేచి వెళ్ళిపోవచ్చు, ఇల్లు జాబితాలో ఉంటుంది, మళ్ళీ సర్వే జరిగితే మళ్ళీ రావచ్చు. తులశమ్మ ఇదంతా ఆలోచిస్తుంది. తర్వాత గుర్తింపు కార్డును మెడలోంచి తీసి కాగితాల మీద అడ్డంగా 'చెల్లదు' అని రాస్తుంది. వీధిలోని జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు.

"ఏమయ్యా," అంటుంది.

మద్దిలేటి లేచి నిలబడతాడు. ఆమె చెంప పక్కన వెంట్రుకలను వేలితో తాకుతాడు.

"యామ్మే, ఇవెప్పుడు తెల్లబన్యాయి?"

"నువ్వు ల్యానప్పుడు."

పెడలు కనిపించకుండా పోతుంది. తర్వాత మిషను, వసారా, గోడలు మర్యాదగా ఒక్కొక్కటే పోతాయి. మనిషి మాత్రం ఉన్నాడు. ఎండలో, జానెడు సందులో, ఆమెకు ఎదురుగా. ఆమె అతని నడుము మీద ఎడమ వైపు చెయ్యి వేస్తుంది. అతను ఈసారి జరగడు.

చొక్కా కింద చేతికి తుపాకి తగలదు. చిన్న కిటికీ తగులుతుంది, తెరిచే ఉంది. ఆమె చెయ్యి లోపలికి పోతుంది, మోచేతి దాకా, తర్వాత భుజం దాకా. లోపల వాన పడుతోంది. ఎక్కడి నుంచో ఒక రైలు వచ్చి ఆమె అరచేతి దగ్గర ఆగుతుంది. జనం దిగి గొడుగులు విప్పుకుని, ఆమె చేతి మీదుగా పైకి నడవడం మొదలుపెడతారు. అందరికన్నా ముందు ఒక ఆడమనిషి, తులశమ్మ పోలికే, నలభై ఏళ్ళుంటాయేమో, వెంట్రుకలు ఇంకా తెల్లబడలేదు, తడిసిన కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఇంటికి ఆలస్యమైనదానిలా గబగబా నడిచి వస్తోంది.