ఊపిరమ్మ ఫొటోలు

ఎక్స్‌రే గదిలో పనిచేసే ఆవిడని ఆసుపత్రిలో అందరూ ఊపిరమ్మ అనేవారు. పొద్దున్నుంచీ "ఊపిరి బిగబట్టండి, కదలకండి, ఆఁ, ఇక వదలండి" అని అరవైమందికి చెప్పాలి మరి. సాయంత్రానికి ఒళ్ళు హూనమైపోయేది. అయినా బస్సులో సీటు దొరికితే సంచిలోంచి లైబ్రరీ పుస్తకం తీయాల్సిందే. పరుగువీరుల కథలు, ఈతగాళ్ళ కథలు, బాక్సర్ల ఆత్మకథలు. తాను మాత్రం బస్సు కోసం తప్ప జన్మలో పరిగెత్తిన పాపాన పోలేదు.

రెండో పిచ్చి ఫొటోలు. ఆదివారాలు క్లాసుకు వెళ్ళి ఆరునెలలుగా నేర్చుకుంటోంది. పత్రికలో ముప్పయ్యేళ్ళు ఫొటోలు తీసి రిటైరైన మాస్టారు, కదిలే మనిషి ఫొటో తీసుకురమ్మన్నారు. ఈవిడ మైదానానికి వెళ్ళి, పరిగెత్తేవాళ్ళని ఒక్కొక్కరినే ఆపి, గడ్డం పైకెత్తించి, ఊపిరి బిగబట్టించి మరీ తీసుకొచ్చింది.

"అమ్మా, వీళ్ళేం నేరం చేశారు?" అన్నారు మాస్టారు.

క్లాసంతా పగలబడి నవ్వింది. తనూ నవ్వింది గానీ, బస్సెక్కాక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంట్లో, ఆసుపత్రిలో అన్నీ ఒకరి కోసం చేసే పనులే. తన కోసం పెట్టుకున్నది ఈ ఒక్కటి, అదీ చేతకాలేదు. వచ్చే ఆదివారం హాలు గోడకి తలా ఒక ఫొటో తగిలిస్తారు. అందరివీ సిద్ధం, ఈవిడది తప్ప.

పదహారేళ్ళ కూతురు స్కూలు తరఫున నాలుగొందల మీటర్లు పరిగెత్తుతుంది. అన్నం దగ్గర కూర్చుంటే చాలు, తల్లి పుస్తకం విప్పేది.

"మొదటి సగంలో దమ్ము దాచుకోవాలే."

"నువ్వు చదువుకో, నేను ఓడిపోతాను. ఎవరి పని వాళ్ళది," అనేది పిల్ల. ఆ వారం ఇంకో మాట కూడా అంది: "శనివారం పోటీకి నువ్వు రావద్దు. నువ్వుంటే నాకు కాళ్ళాడవు."

రావద్దంటే ఆగే ప్రాణమా? పూట సెలవు పెట్టి, కెమెరా తగిలించుకుని వెళ్ళింది. జనమంతా గెలుపు గీత దగ్గర మూగారు. కూతురి కంట పడకూడదని ఈవిడ చివరి మలుపు దగ్గర, సామాన్ల షెడ్డు చాటున నిలబడింది. కాళ్ళు పీకేస్తున్నాయి, కూర్చోవడానికి రాయి కూడా లేదు.

ఏడుగురు పిల్లలు దూసుకుపోయారు. తర్వాత ఎవరూ లేరు. చాలాసేపటికి తన పిల్ల వచ్చింది. నోరు తెరుచుకుని, మెడ నరాలు తేలి, మొహమంతా వంకర్లు పోయి వచ్చింది. ఓడినవాళ్ళ గురించి ఆ పుస్తకాల్లో లేకపోలేదు. కానీ వాళ్ళంతా తర్వాత గెలిచినవాళ్ళే. ఊరికే చివర వచ్చి, ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కునే పిల్ల గురించి ఎవరూ రాయలేదు. ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. కదలకు అనడానికి నోరు రాలేదు, వేలు మాత్రం నొక్కింది.

ఇంటికొచ్చి చూసుకుంటే, ఆరునెలల్లో ప్రాణమున్న ఫొటో అదొక్కటే. అడగకుండా గోడకెక్కించడానికి మనసొప్పలేదు. కూతురు వేన్నీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే, కెమెరా చేతికిచ్చింది.

పిల్ల చాలాసేపు చూసింది. "వచ్చావన్నమాట."

"వచ్చాను."

"దీన్ని గోడకి పెడతావా? అందరూ చూడాలా? చెరిపెయ్."

"నాకు బాగా వచ్చింది ఇదొక్కటేనే."

"నాకు రాలేదుగా!"

తల్లి కావాలనుకుంటే ఒప్పించవచ్చు. నాలుగు మంచి మాటలు చెబితే ఒప్పుకుంటుందేమో కూడా. కానీ ఆ మొహం పిల్లది, ఆ ఓటమీ పిల్లదే. కెమెరా తీసుకుని, కూతురు చూస్తుండగానే చెరిపేసింది. ఒక్క క్షణం పని.

"రేపేం పెడతావ్?"

"ఏమీ పెట్టను."

"మాస్టారు ఏమంటారో?"

"అనేది అంటారు."

పిల్ల బకెట్లో వేళ్ళు కదిలిస్తూ కూర్చుంది. నీళ్ళు చల్లారిపోతున్నాయని తల్లి లేవబోయింది.

"అమ్మా, ఆ మలుపు దగ్గర ఎవరూ నిలబడరు. అందుకే నేను ఎప్పుడూ అక్కడ ఏడ్చేసుకుంటాను. గీత దగ్గరికెళ్ళేలోపు ఆపేస్తాను."

తల్లి లేచిన మనిషి మళ్ళీ కూర్చుంది.

"పైనెల ఇంకో పోటీ ఉంది," అంది పిల్ల తలెత్తకుండా. "నువ్వు అక్కడే నిలబడు. కెమెరా తేవద్దు."

"సెలవు పెడతాను," అంది తల్లి.