చివరి కాలమ్‌లో ఏడుగురు

“నా నీలం చొక్కా ఎక్కడ పెట్టావ్?” అని అతను పడగ్గదిలోంచి కేకేసేసరికి ఆమె దాన్నే ఇస్త్రీ చేస్తోంది. ఇంట్లో ఏ వస్తువూ అతని కంటికి ఆనదు. బీరువా తెరిచి, ఎదురుగా ఉన్న వరస మటుకే చూసి, లేదని తేల్చేస్తాడు. వెనక వరసలో చెయ్యి పెట్టి వెతకడం పెళ్ళానికి పుట్టుకతో వచ్చిన విద్యని అతని గట్టి నమ్మకం.

ఆఫీసులోనూ అంతే. అతను పేరున్న పరిశోధకుడు. గర్భిణుల రక్తపోటుకి వాడే ఒక మాత్ర మీద ఏడేళ్ళు పరిశోధన చేశాడు. చేశాడంటే, పేపరు రాశాడు. ఆసుపత్రి వరండాల్లో కూర్చుని నాలుగు వందల మందికి ఒప్పుకోలు కాగితం చదివి వినిపించిందీ, కాన్పులయ్యాక ఫోన్లు చేసిందీ, వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించిందీ ఆమె. “మా కోడలు ఖాళీగా ఉండలేక వాడికి సాయం వెళ్తుంది” అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. పేపరు చివర అతను భార్య ఓపికకి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. ఓపికట! అది చదివిన రోజు ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

చొక్కా తొడుక్కుంటూ పని పురమాయించాడు. ఎక్కడో చిన్న ఆసుపత్రి డాక్టరమ్మ మూడోసారి రాసిందట. అదే మాత్ర వాడిన ఇద్దరు తల్లులు ఆవిడ చేతుల్లో పోయారు. మూడో ఆమె ఇప్పుడు వార్డులో ఉంది, మాత్ర ఆపాలో వద్దో తెలియడం లేదు. డేటా అందరికీ అందుబాటులో పెడతామని పేపర్లో రాసి రెండేళ్ళయింది కదా, ఎక్కడుంది అని అడుగుతోంది.

“ఫైలు ఇంకా సర్దలేదని రాసెయ్. నీ పేరు మీదే పంపు” అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆమె పేరుతో అతనికి పని పడింది ఇదే మొదలు.

ఆఫీసుకెళ్ళి ఫైలు తెరిచింది. సర్దకపోవడమేమిటి, అది ఆమె వంటింటి కంటే శుభ్రంగా ఉంటుంది. అందులో ఏడుగురి ఎదురుగా ‘మానేశారు’ అని, అంటే పరిశోధనలోంచి మధ్యలో తప్పుకున్నారని ఉంది. అలా వెయ్యమన్నది అతనే. “మాత్ర వల్లే పోయారని నువ్వు చూశావా? మళ్ళీ రానివాళ్ళంతా మానేసినవాళ్ళే” అన్నాడు అప్పట్లో. ఆమె నోరు మెదపకుండా అలాగే వేసింది. ఆ తప్పులో తనకీ వాటా ఉందని ఆమెకి తెలుసు. కాని మనసొప్పక, అన్నిటికంటే కుడి చివర ఒక కాలమ్ పెట్టుకుని విన్నది విన్నట్టు రాసుకుంది. ఒకామె ఇంట్లో ఫోన్ ఆమె అత్తగారు ఎత్తారు, కాన్పయిన పదకొండో రోజున ఫిట్స్ వచ్చి పోయిందన్నారు. ఇంకొకామె భర్త ఎత్తాడు, ఆమె పోయింది, ఇంక ఫోన్ చెయ్యొద్దన్నాడు. ఇన్నేళ్ళలో అతను ఆ చివరిదాకా జరిపి చూసిన పాపాన పోలేదు.

ఆ ఏడుగురిలో ఒకామె బాగా గుర్తు. మీ పేరు తీసేసి మీ వివరాలు వేరే డాక్టర్లకీ ఇస్తాం అన్న వాక్యాన్ని రెండుసార్లు చదివించుకుంది. “ఇవ్వండమ్మా, నాలాంటి ఇంకొకతెకి పనికొస్తాయి” అని సంతకం పెట్టింది. ఆ మాటిచ్చింది అతను కాదు, తను. వార్డులో ఉన్న మూడో ఆమె తలపుకొచ్చి ఏడుపు ఆగలేదు.

కళ్ళు తుడుచుకుని పనిలోకి దిగింది. పేర్లు, ఊర్లు, ఫోన్ నంబర్లు తీసేసింది. ఏ అంకెకి ఏమి అర్థమో పూస గుచ్చినట్టు ఒక పేజీ రాసి జతచేసింది. చివరి కాలమ్ మాత్రం ముట్టుకోలేదు. ‘మానేశారు అని వేసింది నేనే, అది తప్పు’ అని రాసి కింద తన పేరు పెట్టింది. పేపర్లో మాటిచ్చిన వెబ్‌సైటులోనే, ఏ డాక్టరైనా తెరిచి చూసుకునేలా ఉంచి, డాక్టరమ్మకి ఫోన్ చేసింది. డాక్టరమ్మ అప్పటికప్పుడే ఫైలు తెరిచి చివరి కాలమ్ దాకా చదివింది.

“ఇప్పుడే ఆపించేస్తాను” అంది డాక్టరమ్మ. “రెండేళ్ళ కిందటే ఇచ్చుంటే…” అని మాట పూర్తి చెయ్యకుండానే పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే అతనికి ఒకదాని వెంట ఒకటి ఫోన్లు. నీలం చొక్కా మాసిన బట్టల్లోనే ఉంది. ఆమె దాని జోలికి పోలేదు. అతను వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఈసారి కేకెయ్యలేదు.

“ఆ ఫైలు ఎక్కడ పెట్టావ్?”

“అందరికీ కనిపించే చోట పెట్టాను” అంది.