సీసాడు నూనె తాగిన కోత మిషను

వానలు వెనక్కి తగ్గాయి. నాచారం కాలనీ పార్కులో గడ్డి కాలం ముగిసి, తోటమాలి ఆశీర్వాదానికి గడ్డు కాలం మొదలైంది. కారణం గడ్డి కోసే మిషను. పోయినేడు ట్యాంకులో పెట్రోలు ఉంచేసి గదిలో పెడితే, అది లోపలే జిగురై, జూన్‌లో మిషను మొరాయించింది. కాలనీ సంఘం కార్యదర్శి రామ్మోహనరావు అప్పుడే తేల్చేశాడు: "ఇంకోసారి మొండికేస్తే దీన్ని పాత సామాన్లవాడికిచ్చేసి, గడ్డి పీకించి టైల్స్ వేయించేస్తానండీ!"

ఇరవై ఏళ్లుగా కోస్తూనే ఉన్నా ఆశీర్వాదం ఏనాడూ కోతలు కోసిన మనిషి కాదు. టైల్స్ మాట వినగానే మాత్రం, గడ్డితోపాటు తన కొలువుకూ కోత పడుతుందని అర్థమైంది.

అందుకే ఈసారి మిషను గదిలో పెట్టేముందు ఉప్పల్ మెకానిక్ బాలరాజు చెప్పినట్టే చేశాడు. పెట్రోలు అయిపోయి ఆగిపోయేదాకా ఇంజను ఆడించాడు. పాత ఆయిల్ దించి కొత్తది పోశాడు. బ్లేడు కింద పేరుకున్న గడ్డి గీకేశాడు. ఇక మిగిలింది ఒక్కటే: లోపల తుప్పు పట్టకుండా, ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో రెండు చెంచాల ఇంజనాయిల్ పోయడం.

అక్కడే భక్తి అడ్డొచ్చింది. అతని సంచిలో చర్చిలో ప్రార్థన చేయించి తెచ్చిన కొబ్బరినూనె సీసా ఉంది. వాళ్లింట్లో మోకాలి నొప్పికి అదే, మనవరాలి జలుబుకు అదే, బీరువా తాళం బిగుసుకున్నా అదే. కన్నబిడ్డలాంటి ఇంజనుకు రెండు చెంచాలతో సరిపెట్టడానికి మనసొప్పక, సీసా మొత్తం వంపేసి ప్లగ్గు బిగించాడు.

సరిగ్గా అప్పుడే రామ్మోహనరావు తెల్లచొక్కాలో దిగాడు. "ఏదండీ, ఓసారి స్టార్టింగు తాడు లాగండి, చూద్దాం."

తాడో పేడో తేల్చే తాడది. ఆశీర్వాదం లాగాడు. బండరాయికి కట్టినట్టు సగంలో ఆగిపోయింది. మళ్లీ లాగాడు. ఊహూఁ.

"పట్టేసిందా?" అన్నాడు రామ్మోహనరావు, టైల్స్ రంగు ఎంచుకుంటున్నవాడిలా.

అన్నం డబ్బా తెచ్చిన లూర్దమ్మ మొగుడి మొహం చూసింది. ఖాళీ సీసా చూసింది. "ఓ అయ్యా, గా నూనెంతా గండ్లనే పోసినవా?"

"దేవుని నూనె గదనే, ఎక్కువైతే ఏమైతది?"

"నెత్తికి రాయమంటే నోట్ల పోసినట్టున్నది! బాలరాజుకు ఫోన్ గొట్టు."

"లోపల నూనె నిండి పిస్టన్ కదలనీకి జాగ లేదన్నా," అన్నాడు బాలరాజు. "ప్లగ్గు తీసి తాడు లాగు, మొత్తం బయటికొస్తది. ఫికర్ లేదు. గని జర ముందట..."

'ఫికర్ లేదు' దగ్గరే ఆశీర్వాదం ఫోన్ పెట్టేశాడు. ప్లగ్గు తీశాడు. బలంకొద్దీ లాగాడు. నూనె సర్రున చిమ్మి, ముందు నిలబడ్డ రామ్మోహనరావును మెడ నుంచి బొజ్జ దాకా తడిపేసింది.

"తిరిగింది సార్! ఇంజన్ మస్తుగ తిరిగింది!"

"అది తిరిగిందిలే, నా గతేంటయ్యా?"

"పండుగ రాకముందే సార్‌కు తలంటు పోసినవ్!" అంది లూర్దమ్మ.

రామ్మోహనరావుకు కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. ఆ నవ్వుకు నిలబడలేక గడ్డిలో కూలబడి, జిడ్డు చేతులు గడ్డికి రుద్దుకున్నాడు. గడ్డి చల్లగా, మెత్తగా ఉంది. చేతులు శుభ్రమయ్యాక కూడా రుద్దుతూనే ఉన్నాడు.

"టైల్స్ వేయించుంటే చేతులెక్కడ తుడుచుకునేవాణ్ణండీ?"

"మీ అంగికే సార్," అంది లూర్దమ్మ.

"అదెలాగూ పోయింది. గడ్డి ఉండనీయండి. మిషనూ ఉంటుంది."

ఆశీర్వాదం తాడు లాగి లాగి మిగతా నూనె కక్కించాడు. ఇంజనాయిల్ ఒక చెంచా పోశాడు. రెండోది పోశాడు. మూడోదానికి చెయ్యి లేచేసరికి రామ్మోహనరావు ఆయిల్ డబ్బా లాక్కుని మూత బిగించేశాడు.