నడుముకు ఎవరి ఎముక

పదింటికి బీరయ్యను ఆపరేషన్‌కు తీసుకుపోతారు. తొమ్మిదిన్నర దాటింది. అయినా కూతురు పూజిత అసలు సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు.

వికారాబాద్‌లోని ఆ ప్రైవేటు ఆస్పత్రికి వెన్నెముక సర్జన్ గురువారం మాత్రమే వస్తాడు. బీరయ్య నడుములో ఒక పూస ముందుకు జారి నరాన్ని నొక్కుతోంది. ఎడమ కాలు మొద్దుబారింది. దోమ మండలంలోని ఒక ఊళ్లో గొర్రెల వెంట తిరిగే మనిషి నెల రోజులుగా గడప దాటాలన్నా గోడ పట్టుకుంటున్నాడు. ఇంకా ఆలస్యమైతే పాదం పైకి లేవదన్నాడు సర్జన్.

పోయిన వారం ఆయన పూజితనూ, ఆమె అన్న గణేశ్‌నూ కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. పూసలను స్క్రూలతో బిగించినా, మధ్యలో ఎముక వేస్తేనే అవి ఒకటిగా అతుక్కుంటాయి. బీరయ్య తుంటి నుంచే తీస్తే అన్నిటికన్నా బాగా అతుకుతుంది. కానీ అక్కడ ఇంకో కోత, నెలల తరబడి నొప్పి. చనిపోయినవాళ్లు దానమిచ్చిన ఎముకను శుద్ధి చేసి దాచి ఉంచుతారు. అది వేస్తే రెండో కోత ఉండదు, అతుక్కోవడం మాత్రం నిదానం. మూడోది ఫ్యాక్టరీలో చేసిన పింగాణీ లాంటి రవ్వ. సొంత ఎముకతో కలిపితే పనికొస్తుంది గానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోలేమన్నాడు.

తాండూరులో నాపరాళ్ల పాలిష్ మిషన్ మీద పనిచేసే గణేశ్, తండ్రి నొప్పి చూడలేక దానమిచ్చిన ఎముకకే సంతకం పెట్టాడు. తండ్రికి మాత్రం రవ్వ అని చెప్పమన్నాడు చెల్లెలితో. ఆమె అలాగే చెప్పింది. బీరయ్య, గొర్రెలకాపరుల దేవుడైన బీరప్ప పండుగలో దేవుని పెట్టెను నెత్తికెత్తుకునే మనిషి. వాళ్లింటి ఆచారంలో పెట్టె ఎత్తేవాడు శవాన్ని ముట్టడు. సొంత తమ్ముడు పోయినప్పుడు కూడా ఆయన పాడె మోయలేదు. దూరంగా నిలబడి ఏడ్చాడు.

నర్సు మహేశ్వరి వచ్చి ఆస్పత్రి గౌను తొడిగించి వెళ్లింది.

"బిడ్డా, నాకేసే రవ్వ మీ అన్న మిషన్ కింద రాలే బండపొడి గాదు గదా?" అన్నాడు బీరయ్య.

నవ్వేసి ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆయన ఆమె మాటను అంత నమ్మకంగా తీసుకోవడమే పూజితకు భరించరానిదైంది.

"రవ్వ గాదు నాయినా. సచ్చిపోయినోళ్ల ఎముక. అన్న, నేను కలిసి అబద్ధం జెప్పినం."

బీరయ్య మంచం కమ్మీ పట్టుకొని ఆమె వైపు తిరిగాడు.

"గా ఎముక గాళ్లను అడగకుంటనే తీసుకున్నరా?"

"లేదు. ఒప్పుకుంటేనే తీస్తరంట."

"గాళ్లను అడిగిన్రు. నన్నే అడగలే."

సర్జన్ వచ్చాడు. సంగతి విని ముఖం చిట్లించాడు గానీ కోప్పడలేదు. మళ్లీ మొదటి నుంచి, ఈసారి బీరయ్యకే చెప్పాడు. అంతా విని ఆయన ఒకటే అడిగాడు, తర్వాత పెట్టె ఎత్తగలనా అని. ఏ ఎముక వేసినా ఈ ఏడు బరువు ఎత్తకూడదనీ, ఆ పైన కూడా మాట ఇవ్వలేననీ అన్నాడు సర్జన్. పూజిత తల దించుకుంది. పెట్టె కోసమని అబద్ధమాడిన తామిద్దరికీ ఆ ప్రశ్న తట్టనే లేదు.

బీరయ్య కళ్లు తుడుచుకున్నాడు.

"నా తుంటిదే తియ్యిండ్రి సారు. కుడి దిక్కు మాత్రం ముట్టకుండ్రి. గొర్ల కాడ కట్టె ఆనుకొని పొద్దుందాక నిలవడేది గా కాలు మీదనే."

కుడివైపు తీయాలనుకున్న సర్జన్ ఒక్క క్షణం ఆగి, ఎడమ తుంటి మీద పెన్నుతో గీత గీశాడు.

అప్పుడే తాండూరు రైలు దిగి గణేశ్ పరుగున వచ్చాడు. ఆ గీత చూశాడు, చెల్లెలి వైపు చూశాడు. ఎందుకు చెప్పినవని పళ్లు కొరికాడు.

"దాన్నెందుకు అంటవ్? సంతకం పెట్టింది నువ్వు. పో, కొట్టేసి రా. ఏలిముద్ర నేనేస్త," అన్నాడు బీరయ్య.

గణేశ్ కాగితం మీది తన సంతకం కొట్టేశాడు. బీరయ్య బొటనవేలు ఆనించాడు. స్ట్రెచర్ కదిలింది. తలుపు మూసుకునేదాకా ఆయన ఇద్దరిలో ఎవరి వైపూ చూడలేదు.