మిద్దె మీది మంద

మోకాళ్ళు మొరాయించి మందను అమ్ముకున్న నాటి నుంచి ఎర్రన్నకు ముద్ద దిగడం లేదు. పులివెందుల పక్క పల్లె వదిలి జమ్మలమడుగులో కూతురింటికి వచ్చాడే గాని, మనసు ఇంకా ఆ గుట్టల్లో గొర్రెల వెనకే తిరుగుతోంది. కూతురు అనురాధ బడిపంతులమ్మ. అల్లుడు లోకనాథ్‌కు ప్రొద్దుటూరులో బట్టల కొట్టు. పొద్దున ఇద్దరూ చెరో దారి పట్టాక, మూతపెట్టిన సంగటి సాయంత్రం దాకా అట్లాగే ఉండేది. "ఆకలి కాలేదులేమ్మీ" అనేవాడు ఎర్రన్న. జబ్బేమీ లేదని డాక్టరు తేల్చేశాడు. జబ్బు లేకుండానే తండ్రి చిక్కి సగమైపోతుంటే అనురాధకు ఏడుపొచ్చేది.

అంతలో మిద్దె మీది సిమెంటు తొట్టిలో దోమలు పెరుగుతున్నాయని ఆమె ఒక నాచు తెచ్చి వేసింది. మైలవరం దారిలో ఒక వాన మడుగులో దొరికింది. పుస్తకంలో దానికి నోరు తిరగని పేరేదో ఉంది. సన్నటి ఆకుల మధ్య ఆవగింజలంత తిత్తులు. పక్కకొచ్చిన దోమపిల్లను గుటుక్కున లోపలికి లాక్కుంటాయి. దానికి బోరు నీళ్ళు పడవు, వాననీళ్ళే పోయాలి. ఎరువు అసలే కూడదు.

"దీనికి వేర్లు యాడుండాయిమ్మీ?" ఎర్రన్న తొట్టిలోకి వంగి అడిగాడు.

"వేర్లు లేవు నాయనా. నీళ్ళలో తేలతా పురుగుల్ని తింటాది."

"వేర్లు లేవు, తిరుగుతాది, తింటాది. ఇంగ చెట్టెట్లయితాది? జీవమే గదా!"

ఆ రోజు నుంచి ఆయన మకాం మిద్దె మీదే. తొట్టిలో మబ్బులు నడిచేవి, వాటి కింద నాచు మెల్లగా మేసేది. పురుగును మింగిన తిత్తి నల్లబడితే "దీని కడుపు నిండింది" అని మురిసిపోయేవాడు. చూసీ చూసీ ఒక కునుకు తీస్తాడట, కళ్ళు తెరిస్తే గుట్ట మీదున్నాడో మిద్దె మీదున్నాడో కాసేపటి దాకా తెలియదట. సంగటి గిన్నె కూడా పైకే తీసుకుపోయేవాడు. "అది తింటాంటే నాకూ ఆకలైతాందిమ్మీ" అన్నాడొకనాడు. ఖాళీ గిన్నె కడుగుతూ అనురాధ ఆ నాచుకు మనసులోనే దండం పెట్టుకుంది.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి చూస్తే నాచంతా గోధుమరంగుకు తిరిగి, మెత్తబడి అడుగుకు దిగిపోయింది. ఎర్రన్న గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పక్కన గిన్నె నిండుగా ఉంది. ఆమె నీళ్ళలో వేలు ముంచి నాలిక్కి రాసుకుంది.

"ఉప్పేసినావా నాయనా?"

"కార్తె మారింది గదమ్మీ, మందకు ఉప్పు పెట్టద్దా? ఉప్పు తింటేనే నీళ్ళు తాగి బాగా మేస్తాయి. చప్పటి వాననీళ్ళలో ఉండాదే పాపమని..." నిండు గిన్నెను అవతలికి నెట్టాడు. "నా చేత్తోనే సంపుకుంటిని."

కసురుకోబోయిన అనురాధ చీపురు అందుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు తొట్టి కడిగి కొత్త వాననీళ్ళు పోసింది గాని, నాచు మళ్ళీ తేలలేదు. గిన్నె మళ్ళీ నిండుగా తిరిగి రావడం మొదలైంది.

ఆదివారం తండ్రిని బతిమాలి ఆటో ఎక్కించి ఆ మడుగు దగ్గరికి తీసుకుపోయింది. మడుగు నిండా అదే నాచు. నీటిపైన చిన్న చిన్న పసుపుపచ్చ పూలు గాలికి తలలూపుతున్నాయి. ఎర్రన్న కర్ర మీద గడ్డం ఆనించి శానాసేపు చూశాడు. ఉన్నట్టుండి నాలుక మడిచి, మందను పిలిచే కూత కూశాడు. పూలు ఊగుతూనే ఉన్నాయి. ఎన్ని నెలల తర్వాతో ఆయన ముఖం తేటపడింది.

అనురాధ వంగి ఒక తీగను డబ్బాలోకి తీసుకుంది.

"ఒగటేందిమ్మీ?"

"ఒకటి చాలు నాయనా, అదే పెరుగుతాది."

"ఒంటి జీవం మేయదమ్మీ. ముందర ఎంత మేతేసినా, తోడు కోసరం తలెత్తి చూస్తానే ఉంటాది. జత తీసుకో."

డబ్బా మూత పెట్టబోయిన ఆమె చెయ్యి ఆగిపోయింది. మూతపెట్టిన సంగటి గిన్నె కళ్ళ ముందు కదిలింది. నాచుకు ఏ నీళ్ళు పడతాయో పుస్తకాలు తిరగేసి మరీ తెలుసుకున్నాను, నాయనకు ముద్ద ఎందుకు దిగదో తెలుసుకోలేకపోయానే అని సిగ్గుపడింది. రెండో తీగ తీసి డబ్బాలో పెట్టింది.

మర్నాడు బడిలో మధ్యాహ్నం గంట కొట్టగానే స్కూటీ మీద ఇంటికొచ్చి, తొట్టి పక్కన రెండు కంచాలు పెట్టింది.

"బడి లేదామ్మీ?"

"ఉంది. తిని పోతా."

తొట్టిలో రెండు తీగలూ ఒకదాన్నొకటి ఆనుకుని తేలుతున్నాయి. ఎర్రన్న వాటిని చూస్తూ ముద్ద మింగాడు, ఇంకొకటి మింగాడు. కంచం ఆమె వైపు జరిపాడు.

"ఇంగొంచెం సంగటి పెట్టుమ్మీ."