మధ్యలో పడే బంతి

మళ్లీ మధ్యలోనే పడింది, వల అవతలి పిల్లలు కొట్టిన పసుపురంగు ఊలు బంతి, ఒకే జట్టుగా ఆడే నగ్మాకూ తేజశ్రీకీ నడుమ కాస్త దుమ్ము లేపి ఆగిపోయింది, ఇద్దరూ బ్యాట్లు దించి దాన్ని చూసి, ఒకరినొకరు చూసుకుని, చివరికి నన్ను చూశారు, ఈ చూపుకే నాకు ఒళ్లు మండుతోంది, నగ్మా నీదే అని గీత బయటినుంచి నేను అరిస్తే నగ్మా కొడుతుంది, తేజా నీదే అంటే తేజశ్రీ కొడుతుంది, అంత బాగా కొట్టేవాళ్లు నేను అరవకపోతే ఎందుకు నిలబడిపోతారు, రేపే సత్తెనపల్లిలో బాల్ బ్యాడ్మింటన్ పోటీ, అక్కడ ఆట నడుస్తుండగా టీచరు నోరెత్తితే ఊరుకోరు, గెలవకపోతే ఈ కోర్టును చెంచయ్యగారి మిరపకాయలు ఆరబోసుకోవడానికి ఇచ్చేస్తానని హెడ్మాస్టరుగారు చెప్పేశారు, ఆడపిల్లలు ఆడినా మానినా ఒకటేనమ్మా అని కూడా అన్నారు, వాలంటీరు టీచరుని, తలూపి వచ్చేశాను.

మధ్యలోది ఎవరో ఒకరు నాది అనొచ్చు కదే అంటే తేజశ్రీ బొటనవేలితో సున్నం గీత చెరిపేస్తూ నిలబడింది, నగ్మానే మెల్లగా, పక్క సాల్లో చెయ్యి పెట్టకూడదుగా టీచర్ అంది, ఇదేమన్నా పత్తి చేనా అని కసిరాను, ఆదివారం ఇద్దరూ పత్తి తియ్యడానికి పోతారు, మేస్త్రి గట్టుమీద నిలబడి ఎవరి సాలు ఎవరిదో చెబుతాడు, పక్కదాంట్లో విచ్చుకున్న పత్తి కనపడినా ముట్టుకుంటే తిట్లే, చిన్నప్పుడు నేనూ తిన్నాను, అయితే మాత్రం దానికీ దీనికీ ఏమిటి సంబంధం, ఆడండి, మళ్లీ ఆడండి.

ఇంతలో చెంచయ్యగారు స్కూటరు ఆపి, ఏమ్మా, నీ బంతాట ఎప్పుడవుద్ది, పట్టలు పరుచుకోవాలి, కాయ కోతకొచ్చింది అన్నారు, నేను కోర్టుకు వీపుపెట్టి, రేపటిదాకా ఆగండి బాబాయ్ అన్నాను, ఆగుతాలేమ్మా, వీళ్లు కప్పు తెస్తే కాయ నా నెత్తిన ఆరబోసుకుంటా అని నవ్వారు, ఆయన నవ్వుతుండగానే నా వెనక బంతి దెబ్బలు, ఒకదాని తర్వాత ఒకటి, ఆగకుండా, ఉండవే నాదీ అని ఒక గొంతు, ఎవరిదో పోల్చుకోలేకపోయాను, మళ్లీ నాదే అని ఇంకో గొంతు, గబుక్కున తిరిగాను, తిరగ్గానే నాలుగు కళ్లూ నా నోటిమీదికి వచ్చాయి, బంతి మధ్యలో పడింది.

చెంచయ్యగారి స్కూటరు వెళ్లిపోయింది, ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడని నేను ఈ గీత దగ్గరే గొంతెత్తడం నేర్చుకున్నాను, ఎంత ఇష్టంగా నేర్చుకున్నాను, రేపు వాళ్లను బస్సెక్కించి, సత్తెనపల్లిలో కోర్టు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, బ్యాట్లు అందించి, వాళ్లకు కనపడకుండా గోడ వెనక్కి పోయి కూర్చోవాలి, గెలిచినా ఓడినా ఆ ఆట నేను చూడకూడదు.